ఉబ్బసము గల పిల్లలు – ఈ-సిగరెట్టు

మనము పీల్చిన గాలి శ్వాసనాళముల గుండ ఊపిరితిత్తులకు చేరును. ఈ నాళములు చెట్టుకొమ్మలవలె చీలుచు, పోనుపోను సన్ననగును. ఉబ్బసము గలవారి నాళములలో లోపలిపొర వాచియుండును. దుమ్ము, పొగ, చలిగాలి, ఘాటైన వాసన వంటివి తగిలినప్పుడు నాళముల చుట్టునున్న కండరములు బిగిసికొనును, వాపు హెచ్చును, కఫము ఊరును. గాలి పోవు మార్గము ఇరుకగును. ఆయాసము, దగ్గు, పిల్లికూతలు దీని ఫలితములే. రోగికి సుఖముగానున్న దినములందును ఈ వాపు లోలోపల మిగిలియుండవచ్చును. ఈ సంగతి మరువరాదు.

ఈ-సిగరెట్టు అననేమి?

ఇది బ్యాటరీతో పనిచేయు చిన్న సాధనము. కొన్ని కలమువలెను, కొన్ని పెన్‌డ్రైవువలెను ఉండును. లోపలి తీగచుట్ట వేడెక్కి ద్రవమును సన్నని తుంపరగా మార్చును. ఆ తుంపరను పీల్చుటయే వేపింగు. పొగాకు కాలదు గనుక ఇది కేవలము నీటి ఆవిరియని పెక్కుమంది పిల్లలు నమ్ముదురు. అది నిజము కాదు. ఆ ద్రవమున ప్రొపిలీను గ్లైకాలు, గ్లిజరిను, రుచినిచ్చు రసాయనములు, చాలవరకు నికోటిను ఉండును. వేడిమి వలన ఫార్మాల్డిహైడు వంటి ఘాటు పదార్థములు పుట్టును. నికెలు, సీసము వంటి లోహముల సూక్ష్మకణములును తుంపరలో చేరవచ్చును. మామిడిపండు రుచి గలదైనంత మాత్రమున అది ఊపిరితిత్తులకు ఆహారము కాజాలదు. కడుపు జీర్ణము చేసికొనగల వస్తువును సైతము ఊపిరితిత్తి సహింపలేదు.

రెండును ఒకటి కావు

ఉబ్బసము గల పిల్లవాడు ఇన్‌హేలరుతో మందు పీల్చుటకు అలవాటుపడినవాడు. ఈ-సిగరెట్టును అట్టిదే గదా యని అతనికి తోచవచ్చును. కాని వైద్యుడిచ్చిన ఇన్‌హేలరులో కొలిచియుంచిన ఔషధము కలదు. అది బిగిసిన నాళమును వదులుచేయును, లేదా వాపును తగ్గించును. ఈ-సిగరెట్టు తుంపర అదే నాళమునకు తగిలి దానిని రేపును. ఉదయము మందు చేసిన మేలును సాయంకాలము వేపింగు చెరుపును.

నికోటిను వ్యసనము కలిగించు పదార్థము. మానవుని మెదడు ఇంచుమించు 25 సంవత్సరముల వయస్సువరకు పెరుగుచుండును. అందుచేత కౌమారమున ఈ వ్యసనము త్వరగా పట్టును, ఆలస్యముగా వదలును.

దాచుట వలన ప్రమాదము

పిల్లవాడు భయముచే అలవాటును దాచును. దగ్గు హెచ్చిన, ఇంటివారు చలిగాలియో ధూళియో కారణమని తలంతురు. వైద్యుడును నిజము తెలియక మందు హెచ్చించును. వ్యాధిని రేపునది మాత్రము పిల్లవాని జేబులోనే యుండును. కావున తల్లిదండ్రులు కోపింపక, ఏకాంతమున మెల్లగా అడిగి తెలిసికొనవలెను. కొట్టినందువలన అలవాటు పోదు, దాచుట హెచ్చును. విద్యార్థులును వైద్యునికి సత్యము చెప్పవలెను. అట్లు చెప్పిననే సరియైన చికిత్స సాధ్యమగును.

చట్టము

2019లో భారత ప్రభుత్వము ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకము, నిలువ, ప్రకటనలను చట్టముచే నిషేధించినది. మొదటి నేరమునకు విక్రేతకు ఒక సంవత్సరమువరకు కారాగారము, లేక లక్ష రూపాయలవరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. కనుక మన దేశమున చాటుగా దొరకు సరుకులో ఏమున్నదో పరీక్షించినవారు లేరు.

చేయవలసినవి

ఉపశమనపు ఇన్‌హేలరు వారమునకు రెండుసార్లకు మించి అవసరమగుచున్నను, రాత్రులందు దగ్గుతో మెలకువ వచ్చుచున్నను, వ్యాధి అదుపులో లేదని గ్రహించి వైద్యుని చూడవలెను. వాపు తగ్గించు మందును స్వంతముగా మానరాదు. ఇంటిలో ఇతరులును పొగత్రాగరాదు, వేపింగు చేయరాదు. ప్రక్కవారి తుంపరయు ఉబ్బసమును రేపగలదు.

ఉబ్బసము ఉధృతమైనప్పుడు రోగిని నిటారుగా కూర్చుండబెట్టి, ఉపశమనపు ఇన్‌హేలరును వైద్యుడు చెప్పినట్లు ఇయ్యవలెను. మాట పూర్తిగా పలుకలేకున్నను, పెదవులు నీలముగా మారినను క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అంబులెన్సుకై 108కి ఫోను చేయవలెను.

అలవాటు మానగోరువారు 1800-11-2356 అను ఉచిత జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. తొలి ప్రయత్నమున మానలేకపోయినవారు నిరాశపడక మరల యత్నింపవలెను.