తెరచాప పడవలో హోప్ ఐలండుకి



మొన్న యూనిట్ పరీక్షలో "సముద్ర పవనం అనగానేమి?" అన్న ప్రశ్నకు నేను "సముద్రం వైపు వీచే గాలి" అని రాసి రెండు మార్కులు పోగొట్టుకున్నాను. మా తరగతిలో అలా రాసినవాళ్ళం పదకొండు మందిమి. గాలికి పేరు అది పోయే దిక్కును బట్టి కాదు, వచ్చే దిక్కును బట్టి పెడతారు. సంక్రాంతి సెలవుల్లో కాకినాడ వెళ్ళి ఒక రోజంతా తెరచాప పడవలో తిరిగాక ఈ సంగతి నాకు బాగా ఎక్కింది. మిగతా పదిమంది కోసం ఇది రాస్తున్నాను.

మా బావ కాకినాడ జట్టీ దగ్గర చేపల బుట్టలు మోస్తాడు. ఆయనకు తెలిసిన సరంగు ఒకాయన (సరంగు అంటే పడవ నడిపే పెద్ద) హోప్ ఐలండులో ఉన్న చెల్లెలి ఇంటికి బియ్యం, మంచినీళ్ళ క్యాన్లు తీసుకెళ్తూ మమ్మల్నీ ఎక్కించుకున్నాడు. ఇప్పుడు అక్కడ దాదాపు అన్ని పడవలకీ ఇంజన్లే. ఈయన పడవకీ ఉంది. కానీ డీజిలు మిగులుతుందని తెరచాప కూడా ఉంచుకున్నాడు.

ఇంకా చీకటి ఉండగానే బయల్దేరాం. గాలి వీపుకి చల్లగా కొడుతోంది. దీవి మాకు తూర్పున ఉంది, గాలి పడమర నుంచి, అంటే ఊరి మీద నుంచి వస్తోంది. తెరచాప విప్పగానే ఉబ్బి, పడవ చప్పుడు లేకుండా కదిలింది.

"ఇప్పుడు నేల మీంచి తోల్తందిరా గాలి. పొద్దెక్కాక ఆగిపోద్ది. మజ్జానం సముద్రం మీంచి లేత్తాది. ఎళ్ళేటప్పుడు ఇది, వచ్చేటప్పుడు అది. మనకి రెండూ కూలీ అడగని కళాసీలే" అన్నాడు సరంగు మావయ్య.

ఇదే మన పాఠంలోని భూ పవనం, సముద్ర పవనం. మన వంటశాలలో చూడండి. పొయ్యి ఆర్పిన కాసేపటికే పెనం చల్లబడుతుంది, గంగాళంలో నీళ్ళు మాత్రం చాలాసేపు వేడిగా ఉంటాయి. నేల పెనం లాంటిది, సముద్రం గంగాళం లాంటిది. రాత్రి నేల ముందు చల్లబడుతుంది. సముద్రం మీది వెచ్చని గాలి పైకి పోతే ఆ ఖాళీలోకి నేల మీది చల్లగాలి వెళుతుంది. పగలు ఇది తారుమారు అవుతుంది.

ఇంజనుతో త్వరగా పోయే దూరమే, మాకు రెండున్నర గంటలు పట్టింది. ఎవరికీ తొందర లేదు. బావ క్యాన్ల మధ్య పడుకుని నిద్రపోయాడు. దీవి దగ్గరపడే సరికి గాలి నిజంగానే ఆగిపోయి తెరచాప తడిగుడ్డలా వేలాడింది. చద్దన్నం, ఎండుచేప తిని, గడలతో నెట్టుకుంటూ చేరాం.

లంగరు వేయడం నాకు అన్నిటికంటే నచ్చింది. అక్కడ లోతు రెండు బారలు. బార అంటే రెండు చేతులు చాపినంత, సుమారు ఆరడుగులు. కానీ మావయ్య పది బారల తాడు వదిలాడు. ఎందుకంత అని అడిగాను. తాడు పొట్టిగా ఉంటే పడవ లాగినప్పుడల్లా లంగరు పైకి లేస్తుంది. పొడుగ్గా ఉంటే లాగుడు నేలబారుగా ఉండి, కొక్కెం బురదలో ఇంకా లోతుగా దిగుతుంది. లంగరు పట్టు బరువులోనే ఉంటుందని నేను అనుకునేవాణ్ణి, తాడు పొడవులో కూడా ఉంటుందట!

దీవికి ఈ పక్క నీళ్ళు చెరువులా ఉన్నాయి. ఇసుక దాటి ఆ పక్కకు నడిచి వెళ్తే ఒకటే హోరు, విరిగే అలలు. ఆ అలల్ని దీవే అడ్డుకుంటుంది. అందుకే లోపల కాకినాడ రేవుకి నెమ్మది. 1789లోనూ 1839లోనూ తుఫాను ఉప్పెనలు దగ్గర్లోని కోరంగి రేవుని ముంచేశాయి. ఈ దీవి సుమారు 16 కిలోమీటర్ల పొడవు, గత 200 ఏళ్లలో పెరిగినదే. గోదావరి గౌతమి పాయ తెచ్చి వదిలిన ఇసుకను అలలు ఒడ్డు వెంబడే ఉత్తరానికి నెట్టి నెట్టి ఇలా చేశాయి. ఉత్తరపు కొన పేరు గోదావరి పాయింట్.

"ఏ ఊర్రా నీది?" అన్నాడు మావయ్య. పాపికొండల దగ్గర, గోదారి ఒడ్డు అన్నాను.

"అయితే ఈ ఇసక మీ ఊరి ముందునించి వచ్చిందే!"

మా ఊరు పోలవరం ముంపులోకి పోయిందని, ఇప్పుడు కాలనీలో ఉంటున్నామని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. పైన ఆనకట్టలు కట్టేకొద్దీ నది కిందికి తెచ్చే ఒండ్రు తగ్గిందని మన భూగోళం సార్ చెప్పారు కదా, అది గుర్తొచ్చి అడిగాను: "ఇసక రాకపోతే ఈ దీవి ఏమవుద్ది మావయ్యా?"

"మా చెల్లెలు అడిగేదీ అదేరా" అన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి తూర్పు నుంచి గాలి లేచింది. మళ్ళీ వీపుకే! అదే సముద్ర పవనం. జట్టీ కాలువ మొగకి వచ్చేసరికి పోటు తీసేసి పడవ అడుగు బురదకి ఆనింది. నీళ్ళు మళ్ళీ ఎక్కేదాకా, చీకటి పడ్డాక కూడా, అక్కడే కూర్చున్నాం. బావ తిట్టాడు గానీ నాకు బాగానే ఉంది.

దీవి ఇసుక కొంచెం అగ్గిపెట్టెలో తెచ్చి సైన్సు గది కిటికీలో పెట్టాను. అందులో నల్ల రేణువులు ఉన్నాయి చూడండి. మా ఊరి రేవు ఇసుక పక్కన పెట్టి పోల్చాలనుకున్నాను, కానీ ఆ రేవు ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. గోదావరి ఒడ్డు ఊళ్ళ వాళ్ళు ఎవరైనా ఈసారి సెలవులకు వెళ్తే ఒక గుప్పెడు తెచ్చిపెట్టండి.

– 9వ తరగతి విద్యార్థి