"అబ్బా" అనే మాట ఎక్కడిది?

రాత్రివేళ ఏ ఆసుపత్రి వార్డులోనైనా ఎక్కువగా వినబడే మాట "అబ్బా". ఈసారి మన పాఠం ఆ మాట గురించే.

ఇంగ్లీషులో క్రైస్తవ సన్యాసుల మఠాన్ని ఆబీ అంటారు, మఠం పెద్దను ఆబట్ అంటారు. (మఠం అంటే ఏమిటో ఆళ్లగడ్డవారికి వేరే చెప్పనక్కరలేదు, అహోబిలం పక్కనే ఉంది.) ఈ రెండు మాటలకూ మూలం అరామిక్ భాషలోని "అబ్బా". అంటే తండ్రి. యేసు ప్రభువు మాట్లాడిన భాష అదే. 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో తపస్సు చేసుకునే పెద్దలను శిష్యులు "అబ్బా" అని పిలిచేవారు. అది లాటిన్‌లో "అబ్బాస్" అయింది. ఆ తండ్రి ఉండే చోటు "అబ్బాతియా", అదే ఫ్రెంచి మీదుగా ఆబీ.

తండ్రి అని పిలిపించుకుంటే సరిపోదు గదా! 6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు వ్రాసిన మఠ నియమావళిలో 36వ అధ్యాయం రోగుల గురించే. వారికి ప్రత్యేకమైన గది, శ్రద్ధగా చూసుకొనే ఒక మనిషి, అవసరమైనప్పుడల్లా స్నానం ఉండాలి. మామూలుగా మఠంలో మాంసం తినరాదు, అయినా బాగా నీరసించినవారికి పెట్టవచ్చు. వారికి ఏ లోటు జరిగినా జవాబు చెప్పవలసింది ఆబట్టే. 820 ప్రాంతంలో గీసిన సెయింట్ గాల్ మఠం పటంలో రోగుల గదులు, వైద్యుని ఇల్లు, మందు మొక్కల తోట కూడా ఉన్నాయి.

మరి మన "అబ్బ" సంగతి? మన సీమలో తాతను అబ్బ అంటాము. తండ్రి అనే అర్థమూ ఉంది. కోపంలో తిట్టుగా వాడేవారూ ఉన్నారు, అది వేరే సంగతి! నంద్యాలలో ముస్లిము సోదరుల పిల్లలు తండ్రిని అబ్బా అంటారు. వారి మాటకు అరామిక్ మాటతో చుట్టరికం ఉంది, ఎందుకంటే అరబ్బీ, అరామిక్ ఒకే కుటుంబపు భాషలు. మన తెలుగు మాట మాత్రం కన్నడ, తమిళాల "అప్ప"కు చుట్టం. పెదవులు కలిపి పలికే శబ్దాలు పసివాళ్లకు తేలిక, అందుకే ఎన్నో భాషల్లో అమ్మానాన్నల పేర్లు ఇలా కలుస్తాయి.

మార్కు సువార్త గ్రీకు మూలంలో "అబ్బా" అనే మాటను అలాగే ఉంచారు. అది మార్కు 14:36లో ఉంది. గెత్సేమనేలో ప్రాణం తల్లడిల్లినప్పుడు ప్రభువు పిలిచిన పిలుపు అది.

ఇది ఎందుకు చెబుతున్నామంటే, మూలిగితే విశ్వాసం తక్కువని ఇతరులు అనుకుంటారేమోనని పళ్లు బిగబట్టి పడుకునేవారు ఉన్నారు. కడుపు ఆపరేషన్ అయినవారు నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీయరు, దగ్గరు. అప్పుడు ఊపిరితిత్తుల్లో కఫం నిలిచి న్యుమోనియా రావచ్చు. నొప్పి తగ్గితేనే లేచి నడవగలరు. కాబట్టి నొప్పి ఎక్కడ, ఎప్పటినుండి, ఎలా ఉందో చెప్పండి. అసలు లేకపోతే 0, భరించలేకపోతే 10 అనుకొని అంకె చెప్పినా చాలు. రాత్రి 2 గంటలైనా సరే, నర్సమ్మను పిలవండి.