మోకాలి గుజ్జుకు ఏ ఫోటో తీయించాలి?

నా వయసు 47. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాను. మగ్గం గుంటలోంచి లేచేటప్పుడు కుడి మోకాలు పట్టేస్తుంది. నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. గుజ్జు అరుగుదల మొదట్లోనే తెలియాలంటే బెంగళూరు పోయి ఎంఆర్ఐ తీయించుకోమని మా బావమరిది అంటున్నాడు. తీయించుకోమంటారా?
– ఒక నేతన్న, ధర్మవరం

ఇప్పుడే వద్దు. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, గుజ్జు కనబడదు. ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో చూసి గుజ్జు ఎంత పోయిందో మేం అంచనా వేస్తాం. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ పెట్టిన 0 నుంచి 4 దాకా మెట్లే నేటికీ మా కొలత. సందు బాగా తగ్గేసరికి గుజ్జు చాలానే అరిగి ఉంటుంది. పడుకోబెట్టి తీస్తే ఆ కాస్త తేడా కూడా దాగిపోవచ్చు. మీకు నిలబెట్టి తీశారా? లేకపోతే ముందు అలా తీయించండి.

ఎంఆర్ఐ గుజ్జునే చూపిస్తుంది. టీ2 మ్యాపింగ్ అనే పద్ధతిలోనైతే గుజ్జు పలచబడకముందే అందులోని నీరు, కొల్లాజెన్ అమరిక మారడం పసిగట్టవచ్చు. పరిశోధనకు ఇది గొప్ప ఆసరా. కానీ అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 50 దాటి, ఎక్స్‌రేలో అరుగుదల లేని 710 మందికి ఎంఆర్ఐ తీస్తే 89 శాతం మందిలో ఏదో ఒక తేడా కనబడిందని 2012లో తేలింది. నొప్పి లేనివాళ్ళలోనూ దాదాపు అంతే! అలాంటి రిపోర్టు చేతికొస్తే మీకు దిగులు తప్ప దారి దొరకదు. పోయిన గుజ్జును తిరిగి మొలిపించే మందు ఇంకా రాలేదు.

ఆ డబ్బు మిగుల్చుకుని తొడ కండరం మీద శ్రద్ధ పెట్టండి. కుర్చీలో కూర్చుని కాలు చాచి, పది లెక్కపెట్టి దించండి, రోజూ రెండు పూటలా. మగ్గం మీద గంటకోసారి లేచి తిరగండి. ఒళ్ళు ఎక్కువుంటే తగ్గండి: ఒక్క కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. కాలు చాచలేనంతగా మోకాలు బిగుసుకున్నా, మెలితిరిగి వాచినా అప్పుడు ఎంఆర్ఐ కావాలి.

మా అమ్మకు 60 ఏళ్ళు. చింతపండు పనికి పోతుంది. మోకాళ్ళకు అల్ట్రాసౌండ్ సరిపోదా?
– హిందూపురం

కీల్లో నీరు చేరిందా, వాపుందా అన్నది అందులో బాగా తెలుస్తుంది. గుజ్జు కొంత భాగమే కనబడుతుంది, మిగతాది ఎముక చాటున పడిపోతుంది. పొద్దున లేచాక అరగంట దాటినా కీళ్ళు పట్టి ఉంటున్నాయా, వేళ్ళు వాస్తున్నాయా? అయితే రక్తపరీక్షలు చేయించండి. అది వేరే వాతం కావచ్చు.

వయసు 38. మోకాళ్ళు, నడుము బిగుసుకుపోతున్నాయి. ఇంట్లో అందరం బోరు నీళ్ళే తాగుతాం. నా పళ్ళ మీద చిన్నప్పటి నుంచీ గోధుమ మరకలు. ఇదీ గుజ్జు అరుగుదలేనా?
– పెనుకొండ దగ్గరి పల్లె

మీ ఉత్తరం చదివి నాకు ముందు తట్టింది ఫ్లోరైడ్. అనంతపురం ప్రాంతపు భూగర్భజలాల్లో ఇది పాత గోడు. ఇక్కడ మామూలు ఎక్స్‌రేనే గట్టి సాక్షి: వెన్నెముక మామూలుకన్నా తెల్లగా, దట్టంగా పడుతుంది. ముంజేతి రెండెముకల మధ్య పొర గట్టిపడి ముళ్ళలా కనబడుతుంది. ముంజేయి, వెన్నెముక ఎక్స్‌రేలు తీయించుకుని డాక్టరుకు చూపించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేనప్పుడు కూడా 1.5 హద్దు. దాటితే ఇంట్లో పిల్లలకు ఈరోజు నుంచే ఆ నీళ్ళు మాన్పించండి. కాచినా ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది.