అటక మీది బ్యాట్ అమ్మే ముందు

విశాఖ మల్కాపురంలో ప్రతి నెలాఖరుకీ షిప్‌యార్డులోనో రిఫైనరీలోనో డాక్‌యార్డులోనో ఎవరో ఒకరు రిటైరవుతారు. క్వార్టర్ ఖాళీ చేసే వారంలో అటక మీది ట్రంకు పెట్టె కిందికి దిగుతుంది. పాత యూనిఫారం, పే స్లిప్పుల కట్ట తీశాక అడుగున ఒక మ్యాచ్ టిక్కెట్టు ముక్క, సంతకాలున్న చిన్న బ్యాట్, క్రికెటర్ల ఫొటో కార్డులు కనిపిస్తాయి. హడావిడిలో అవి పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్లిపోతాయి. లేదా ఎవరో చెప్పిన లక్షల మాట నమ్మి మోసపోతాం. రెండూ జరగకూడదు.

ముందు తుడవకండి

వస్తువు ఎలా దొరికిందో అలాగే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. వెలిసిపోయిన సంతకం మీద పెన్నుతో దిద్దితే దాని విలువ అక్కడితో పోయినట్టే. టిక్కెట్టును లామినేషన్ చేయించకండి, చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి. బ్యాట్‌కు కొత్తగా నూనె పట్టించకండి. మనది సముద్రపు గాలి. బూజు, వెండి పురుగు, చెదలు కాగితాన్ని తినేస్తాయి. ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి, సిలికా జెల్ పొట్లం వేసి, గోడకు ఆనని బీరువా అరలో ఉంచండి.

తేదీలతో సరిచూడండి

విశాఖ మ్యాచ్‌ల చరిత్ర తెలిస్తే సగం పరీక్ష ఇంట్లోనే అయిపోతుంది. 1988 నుంచి 2001 వరకు ఇక్కడ అయిదు అంతర్జాతీయ వన్డేలు ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో జరిగాయి. మొదటిది 1988 డిసెంబరు 10న న్యూజిలాండ్‌తో. అందులో శ్రీకాంత్ 70 పరుగులు చేసి, అయిదు వికెట్లు తీశాడు. 1996 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా, కెన్యా ఇక్కడే ఆడాయి. మధురవాడ వైపు కొత్త స్టేడియంలో మొదటి వన్డే 2005 ఏప్రిల్ 5న పాకిస్థాన్‌తో జరిగింది. ధోని 123 బంతుల్లో 148 కొట్టింది ఆ రోజే.

ఇప్పుడు మీ వస్తువును ఈ తేదీల పక్కన పెట్టండి. 1988 మ్యాచ్ రోజున చేయించిన సంతకాలంటూ ఇచ్చిన బ్యాట్ మీద సచిన్ పేరుంటే అనుమానించాల్సిందే. అతను భారత జట్టులోకి వచ్చింది 1989 నవంబరులో. మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ నాయకత్వంలో 1936లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టు సంతకాలు బాల్ పెన్నుతో ఉంటే, అవి ఆ నాటివి కావు. బాల్ పెన్ను జనంలోకి వచ్చింది 1945 తర్వాతే.

భూతద్దం పట్టి చూడండి. సంతకంలో సన్నని చుక్కలు వరుసగా కనిపిస్తే అది అచ్చు వేసింది. దుకాణాల్లో అమ్మే చిన్న బ్యాట్ల మీద ఎక్కువగా ఉండేది ఇలాంటి అచ్చే. అవి ముచ్చటైన జ్ఞాపకాలు, పెద్ద ధర పలకవు.

ధరను నిలబెట్టేది ఆధారం

బ్రాడ్‌మన్ 1947-48లో భారత జట్టుపై ఆడినప్పుడు పెట్టుకున్న టోపీ 2024 డిసెంబరులో సిడ్నీ వేలంలో, కమిషన్ కాక, 3,90,000 ఆస్ట్రేలియా డాలర్లు పలికింది. అది ఎండకు వెలిసి, పురుగు కొట్టిన టోపీ. అయినా ఎవరు పెట్టుకున్నారో, ఎవరికిచ్చారో తెలుసు. అప్పటి భారత జట్టు మేనేజరుకు బ్రాడ్‌మనే ఇచ్చాడు.

మీ నాన్నగారు మ్యాచ్ రోజు స్టేడియంలో వాలంటీరుగా ఉన్నారా? సంతకం ఎక్కడ, ఎవరి ద్వారా దొరికింది? ఆయన ఉండగానే అడిగి, ఆయన మాటల్లోనే రాసి, తేదీ వేసి, సంతకం చేయించండి. ఆనాటి ఫొటో, పాస్, పేపరు కటింగు జతచేయండి. వస్తువు ఒక్కటే ఉంటే కొనేవాడు నమ్మాలని లేదు. ఈ కాగితాలుంటే ధర అడగడానికి మీకో ఆధారం ఉంటుంది.

ధర తెలుసుకోవడం

ఆన్‌లైన్‌లో ఎవరో పెట్టిన ధర చూసి లెక్క వేసుకోవద్దు. అది వాళ్ల ఆశ. అలాంటి వస్తువే నిజంగా ఎంతకు అమ్ముడైందో చూడండి. 2011 ప్రపంచకప్ ఫైనల్లో ధోని వాడిన బ్యాట్ లండన్‌లో లక్ష పౌండ్లు పలికింది. అది సేవా కార్యక్రమం కోసం జరిగిన వేలం, పైగా ఫైనల్లో సిక్సు కొట్టి కప్పు గెలిపించిన బ్యాట్. మన ఇంటి బ్యాట్‌కు ఆ లెక్క వర్తించదు. సంబంధం లేని ఇద్దరు ముగ్గురికి చూపించండి. విలువ కట్టే మనిషే కొంటానంటే ఆ రోజు అమ్మకండి. అమ్మకుండా ఉంచుకోవాలనుకుంటే, పుణేలో బ్లేడ్స్ ఆఫ్ గ్లోరీ అనే క్రికెట్ మ్యూజియం ఉంది. ఏ వస్తువులను ఎలా భద్రపరుస్తారో అక్కడ చూడవచ్చు.

మోసం, చట్టం

పాత నాణేల పేరుతో జరిగే మోసమే ఇక్కడా జరుగుతుంది. లక్షలిస్తామంటారు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఆ పాత నాణేల మోసాల గురించే హెచ్చరించింది. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని లేదు. మోసపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నూరేళ్లు దాటిన కళాఖండాలు, పురావస్తువులు 1972 నాటి చట్టం కిందికి వస్తాయి. వాటిని మనంతట మనం విదేశాలకు పంపకూడదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి పార్సిల్ కట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఎక్కువ ఇళ్లలో దొరికేవి పెద్ద డబ్బు తెచ్చేవి కాకపోవచ్చు. అయినా మన ఊరి ఆటకు అవి సాక్ష్యాలు. ఈ ఆదివారం ట్రంకు పెట్టె దించండి, పెద్దల పక్కన కూర్చుని కథ రాయండి. అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది ఆ తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.