కరెంటు ధరల విచారణలో పాల సంఘం మాట

(సంఘ అధ్యక్షులకు, కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు పాఠం)

గోదావరి డెల్టాలో శివారు ఆయకట్టు రైతుకు ఒక సంగతి బాగా తెలుసు. నీరు రాలేదని గట్టుమీద కూర్చుని గొణిగితే రాదు. నలుగురూ కలిసి, అర్జీ రాసుకుని, లాకుల దగ్గరకు వెళ్ళి అడిగితేనే వస్తుంది. మన కూలరుకు కావలసిన కరెంటు సంగతీ అంతే.

ముందు లెక్క చూద్దాం. పిండిన పాలు 35 డిగ్రీల పైన ఉంటాయి. వాటిని 4 డిగ్రీలకు దించాలి. వెయ్యి లీటర్లకు బల్కు కూలరు సుమారు 15 నుండి 20 యూనిట్లు తీసుకుంటుంది. కరెంటు పోయి అదే పని జనరేటరుతో చేస్తే 5 నుండి 7 లీటర్ల డీజిలు కాలుతుంది. ఒక్కొక్క లీటరుకు సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. లైను కరెంటుకూ పొగ తప్పదు. మన రాష్ట్రంలో అందులో ఎక్కువ భాగం బొగ్గు నుండే వస్తున్నది.

5 కిలోవాట్ల సోలారు పలకలకు సుమారు 50 చదరపు మీటర్ల కప్పు చాలు. మంచి ఎండ రోజున 20 యూనిట్ల వరకు ఇస్తాయి. అంటే వెయ్యి లీటర్ల పాలకు సరిపోతుంది. చిక్కల్లా, ఎండ వచ్చేది మధ్యాహ్నం, పాలు వచ్చేది ఉదయం, సాయంత్రం. పగటి మిగులును లైనుకు ఇచ్చి, ఆ జమను తరువాత వాడుకొనే పద్ధతినే నెట్ మీటరింగు అంటారు. దాని నిబంధనలు, మన కేటగిరీ, యూనిట్ ధర తేల్చేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. లైనులో కరెంటు లేనప్పుడు మామూలు సోలారు కూడా ఆగిపోతుంది. కనుక పగలే ఐసు కట్టి చల్లదనం నిలవచేసే కూలరుకు సహాయం కావాలని ప్రభుత్వాన్ని వేరుగా అడగవలెను.

మండలి ముందు మాట్లాడే హక్కు మనకున్నది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం ధరల దరఖాస్తును ప్రచురించాలి. ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించిన మీదటనే, 120 రోజుల లోపల, మండలి ఉత్తర్వు ఇవ్వాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక సంఘం తనిఖీలో డీజిలు ఖర్చు "చిల్లర ఖర్చులు" పద్దులో కలిసి ఉన్నది. ఓచర్లు సరిగా ఉన్నాయని సంతకం పెట్టి వచ్చాను. మరుసటి ఏడు వారు అభ్యంతరం పంపబోతే, జనరేటరు ఎన్ని గంటలు నడిచిందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. వెతుకుతుండగానే గడువు దాటింది. చెడిన పాలకు కోత పడ్డది మాత్రం సభ్యులకే.

అందుచేత ప్రతి సంఘం ఈ కింది విధంగా చేయవలెను:

1. కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ, కాలిన డీజిలు, చెడిన పాలు ఏ రోజుకారోజు పుస్తకంలో రాయాలి.
2. 12 నెలల కరెంటు బిల్లులు వరుసగా ఉంచాలి. డీజిలుకు వేరే పద్దు పెట్టాలి.
3. పాలకవర్గంలో ఒకే కోరికతో, అంకెలతో తీర్మానం చేసి మినిట్సులో ఎక్కించాలి.
4. ప్రకటన వెలువడగానే గడువులోగా అభ్యంతర పత్రం తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు, మండలికి పంపాలి.
5. పక్క సంఘాలతో కలిసి, ప్రజా విచారణలో లెక్క తెలిసిన ఒకరిచేత మాట్లాడించాలి.

చిన్న సంఘం మాట ఎవరు వింటారని సందేహించవద్దు. గుజరాత్ ఖేడా జిల్లా ధుండి గ్రామంలో ఆరుగురు రైతులు సౌరశక్తి సహకార సంఘం పెట్టి, 2016లో తమ సోలారు పంపుల మిగులు కరెంటును పంపిణీ సంస్థకు అమ్మడం మొదలుపెట్టారు. అదే దారిలో 2018లో ఆ రాష్ట్రం సూర్యశక్తి కిసాన్ యోజన తెచ్చింది. 2019లో కేంద్రం పి.ఎం. కుసుమ్ పథకం తెచ్చింది. ముందు సంఘం చేసి చూపింది, పథకాలు వెనుక వచ్చాయి.

సమావేశంలో చర్చించండి: గడచిన నెలలో మన జనరేటరు ఎన్ని గంటలు నడిచింది? ఈ ప్రశ్నకు పుస్తకం చూసి జవాబు చెప్పలేకపోతే, మన మొదటి తీర్మానం ఆ పుస్తకం తెరవడమే.