సమాంతర సంధానం: జవాబు సరిచూసుకునే పద్ధతి

పదో తరగతి భౌతికశాస్త్రంలో నిరోధాల లెక్క తేలికగా మార్కులు తెచ్చేదే. అయినా పిల్లలు ఏటా అక్కడే మార్కులు పోగొట్టుకుంటున్నారు. శ్రేణి సంధానంలో నిరోధాలను కూడితే చాలు. సమాంతర సంధానంలో మాత్రం, ఇంకో నిరోధం కలిపితే మొత్తం తగ్గడమేమిటని తికమకపడతారు.

మేము వారికి సికింద్రాబాద్ స్టేషన్ సంగతి చెబుతాం. రైలు దిగినవారంతా ఒకటో ప్లాట్‌ఫారం వైపు నుంచే బయటికి రావాలంటే తోపులాటే. భోయిగూడ వైపు, అంటే పదో ప్లాట్‌ఫారం వైపు కూడా దారి ఉంటే, అది ఎంత ఇరుకుదైనా కొందరు అటు వెళతారు. మొత్తం మీద బయటపడడం సులువవుతుంది. సమాంతరంగా కలిపిన ప్రతి నిరోధమూ విద్యుత్తుకు ఇంకో దారి. అందుకే ఫలిత నిరోధం వాటిలో అతి చిన్నదాని కంటే కూడా తక్కువ.

ఇక లెక్క. 6 ఓమ్‌లు, 3 ఓమ్‌లు సమాంతరంగా ఉన్నాయి. విలోమాలు కూడాలి: 1/6 + 1/3 = 1/2. చాలామంది ఇక్కడే ఆగి, జవాబు 1/2 ఓమ్ అని రాసేస్తారు. దాన్ని తిరగేయాలి. జవాబు 2 ఓమ్‌లు.

ఈ తప్పు ‘చిన్నదాని కంటే తక్కువ’ అనే నియమానికి దొరకదు. 1/2 కూడా 3 కంటే తక్కువే కదా! కనుక మేము రెండో హద్దు కూడా నేర్పుతాం. అతి చిన్న నిరోధాన్ని నిరోధాల సంఖ్యతో భాగించాలి: 3/2 = 1.5. రెండూ 3 ఓమ్‌లే అయితే ఫలితం సరిగ్గా 1.5 వస్తుంది. ఒకటి అంతకంటే పెద్దదైతే ఫలితం 1.5 కంటే పెరుగుతుందే కాని తగ్గదు. జవాబు 1.5కూ 3కూ మధ్య లేకపోతే లెక్క మళ్ళీ చేయాల్సిందే.

లబ్ధాన్ని మొత్తంతో భాగించే దగ్గరి దారి రెండు నిరోధాలకే పనికొస్తుంది. 6, 3, 2 ఓమ్‌లకు అలాగే చేస్తే 36/11, అంటే మూడుకు పైనే వస్తుంది. అసలు జవాబు 1 ఓమ్.

ఇదే లెక్క ఇంట్లోనూ ఉంది. 230 వోల్టుల మీద 1000 వాట్ల ఇస్త్రీపెట్టె నిరోధం సుమారు 53 ఓమ్‌లు, నీళ్ళు కాచే 1500 వాట్ల రాడ్‌ది 35. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తే ఫలిత నిరోధం 21 ఓమ్‌లు, ప్రవాహం దాదాపు 11 ఆంపియర్లు. చవకగా దొరికే బాక్సుల్లో చాలావాటి మీద 6 ఆంపియర్లనే రాసి ఉంటుంది.