దవడ ఆపరేషన్ తప్పించుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. నోరు మూస్తే కింది పళ్లు పైవాటికంటే ముందుకొస్తాయి. దవడ ఆపరేషన్ చేయాలన్నారు. కనిపించని క్లిప్పులు చాలవా?
– ఒక తల్లి, హొసూరు

జవాబు: లోపం పళ్లదైతే చాలవచ్చమ్మా, ఎముకదైతే చాలవు. పక్కనుంచి తీసే తల ఎక్స్‌రేలో (సెఫలోగ్రామ్) అది తెలుస్తుంది. దవడను వెనక్కి జరిపినప్పుడు ముందు పళ్ల అంచులు కలుస్తుంటే మంచి సూచనే.

తేడా కొద్దిగా ఉంటే అలైనర్లు (మీరన్న కనిపించని క్లిప్పులు), రబ్బరు బ్యాండ్లు కింది పళ్లను వెనక్కి, పైవాటిని ముందుకు జరుపుతాయి. చోటు కోసం పళ్ల పక్క అంచులు కాస్త అరగదీయాల్సి రావచ్చు. తినేటప్పుడు, తోముకునేటప్పుడు తప్ప అలైనర్లను రోజుకు 20–22 గంటలు పెట్టుకోవాలి. బద్ధకిస్తే పని జరగదు.

అయితే అలైనర్లు ఎముకను తగ్గించవు. ముందుకొచ్చిన గడ్డం అలాగే ఉంటుంది. తేడా ఎక్కువైనా పళ్లనే బలవంతంగా జరిపితే చిగుళ్లు దిగిపోవచ్చు. అలాంటప్పుడు ఆపరేషనే సరైన దారి.

మగపిల్లల్లో కింది దవడ 20 ఏళ్ల దాకా, ఒక్కోసారి ఆ తర్వాతా పెరుగుతుంది. కొన్ని నెలల తేడాతో రెండు ఎక్స్‌రేలు పోల్చి, పెరుగుదల ఆగిందని తేల్చుకున్నాకే నిర్ణయించండి. ఇంటికే అలైనర్ కిట్లు పంపేవారిని నమ్మకండి. బెంగళూరు ప్రభుత్వ దంత కళాశాలలో ఆర్థోడాంటిస్టును (పళ్ల వరుస సరిచేసే డాక్టరు), దవడ సర్జన్‌ను ఇద్దరినీ అడగండి.

ఇంట్లో చిన్నపిల్లలకూ ఇదే పోలిక ఉంటే ఏడెనిమిదేళ్లకే చూపించండి. ఆ వయసులో ముఖానికి బయట తొడిగే ఫేస్‌మాస్క్ అనే పరికరంతో పై దవడను ముందుకు తేవచ్చు.